బీమా పాలసీని సేవాసంస్థకు ఇవ్వాలంటే: నామినీ పేరు మారిస్తే సరిపోదు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల దానం చేసే అలవాటు కొత్తది కాదు. గుళ్లో శాశ్వత అన్నదానానికి కట్టేవాళ్లు, తాము చదివిన బడికి గది కట్టించేవాళ్లు, వృద్ధాశ్రమానికి నెలకో బియ్యం బస్తా పంపేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇలాంటి ఇళ్లలో బీరువా తెరిస్తే రెండు మూడు పాత ఎండోమెంట్ పాలసీలు (గడువు ముగిసినా, మధ్యలో పోయినా సొమ్ము వచ్చేవి) కనిపిస్తాయి. పిల్లలు స్థిరపడ్డాక, ఇంటి అప్పు తీరాక, ఆ బీమా సొమ్ము ఏదైనా మంచి పనికి చేరితే బాగుండునని పెద్దలు అనుకుంటారు. ఏజెంటును అడిగితే వచ్చే జవాబు ఒకటే: ‘‘దానిదేముందండీ, నామినీ పేరు మార్చేద్దాం.’’

అలా చేస్తే మీ దానం సంస్థకు చేరుతుందన్న భరోసా లేదు. బీమా సొమ్మును దానంగా పంపడానికి మూడు సరైన దారులున్నాయి. ఏది మీకు తగినదన్నది ముఖ్యంగా ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది: పాలసీకి ఇంకా ఎన్నేళ్ల గడువుంది? రెండేళ్లలోపు మెచ్యూరయ్యే పాలసీకి సరిపోయే పద్ధతి, ఇరవై ఏళ్లు నడవాల్సిన పాలసీకి పనికిరాదు.

పన్ను సెక్షన్ల గురించి ముందే ఒక మాట. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి పాత 1961 చట్టం స్థానంలోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. అయినా ఆడిటర్ల నోట, సంస్థల రసీదుల మీద నలిగిన 80జి (దాతకు పన్ను మినహాయింపు), 12ఏబీ (సేవాసంస్థకు పన్ను మినహాయింపు) వంటి పాత పేర్లనే ఇక్కడ వాడుతున్నాం.

నామినేషన్ ఎందుకు చాలదు

1938 బీమా చట్టంలోని 39వ సెక్షన్ నామినేషన్ గురించి చెబుతుంది. పాలసీదారు చనిపోతే కంపెనీ ఎవరి చేతికి డబ్బు ఇవ్వాలో చెప్పడమే దాని పని. ఆ డబ్బు చివరికి ఎవరిదన్నది వారసత్వ చట్టం తేలుస్తుంది. నామినీ డబ్బు అందుకునే మనిషేగానీ సొంతదారు కాదని 1984లో సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2015 సవరణ తర్వాత భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలుగా ఉంటే వాళ్లకు ఆ సొమ్ము మీద సొంత హక్కు కూడా వచ్చింది. ఆ జాబితాలో ట్రస్టు లేదు, ఆశ్రమం లేదు, గుడి లేదు.

కాబట్టి సంస్థ పేరు నామినీగా రాయించినా, మీ తర్వాత వారసుల్లో ఎవరైనా ‘‘ఆ డబ్బు మాది’’ అంటే చట్టం వాళ్ల వైపే మొగ్గుతుంది. పైగా బంధుత్వం లేని సంస్థను నామినీగా పెట్టడానికి చాలా బ్రాంచీలు ముందే ఒప్పుకోవు. మీ ప్రాణం మీద సంస్థే నేరుగా పాలసీ తీసుకోవడమూ కుదరదు. మీ మరణం వల్ల దానికి ఆర్థిక నష్టం ఉందని చూపించలేదు గనుక బీమా ప్రయోజనం లేదంటారు. పాలసీ మీరే తీసుకోవాలి, తర్వాతే దాన్ని మళ్లించాలి.

ముందుగా బాండు తీసి చూడండి

ఏ దారిన వెళ్లినా మొదటి పని పాలసీ బాండును చివరి పేజీ దాకా చదవడం. దాని మీద గానీ, జతచేసిన కాగితం మీద గానీ 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం పేరు కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. ఆ పాలసీ మొదటి రోజు నుంచే భార్యాపిల్లల కోసం ఏర్పడిన ట్రస్టు. దాన్ని మీరు ఎవరికీ దానమివ్వలేరు. వ్యాపారం చేసేవాళ్లు అప్పులవాళ్ల నుంచి కుటుంబాన్ని కాపాడుకోవడానికి ఇలా తీసుకుంటారు. ఏళ్లు గడిచాక ఆ సంగతే మరిచిపోతారు.

తర్వాత అప్పు ఉందో లేదో చూడండి. పాలసీ మీద కంపెనీ దగ్గర రుణం తీసుకుంటే ఆ పాలసీ కంపెనీ పేరిటే అసైన్ అయి, అంటే హక్కులు బదిలీ అయి ఉంటుంది. అసలు, వడ్డీ తీర్చి మీ పేరిట తిరిగి రాయించుకునేదాకా దాన్ని వేరే ఎవరికీ ఇవ్వడం మంచిది కాదు. రుణం అలాగే ఉంచి మీ తర్వాత క్లెయిం వేస్తే, ముందు కంపెనీ తన బాకీ మినహాయించుకుంటుంది. సంస్థకు మిగిలింది వెళుతుంది. బ్యాంకులో తాకట్టు పెట్టిన పాలసీ సంగతీ ఇంతే.

ప్రీమియం కట్టడం ఆగిపోయి పాలసీ ల్యాప్స్ అయిందేమో కూడా చూడాలి. ఏడాదికి, ఆరు నెలలకు, మూడు నెలలకు కట్టేవాళ్లకు గడువు దాటాక 30 రోజులు, నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజుల వెసులుబాటు ఉంటుంది. అదీ దాటితే ల్యాప్సే. సంప్రదాయ పాలసీనైతే మొదటి బాకీ ప్రీమియం తేదీ నుంచి 5 ఏళ్లలోపు, మార్కెట్‌తో ముడిపడిన యూలిప్ అయితే 3 ఏళ్లలోపు పునరుద్ధరించుకోవచ్చు. అయితే ఆరోగ్య పత్రం మళ్లీ ఇవ్వాలి, బీమా చట్టం 45వ సెక్షన్ గడియారం మళ్లీ మొదలవుతుంది. పాలసీ మొదలైన తేదీ, పునరుద్ధరించిన తేదీల్లో ఏది తర్వాతిదైతే దాని నుంచి 3 ఏళ్లు దాటాకే ‘‘ఆరోగ్య విషయం దాచారు’’ అని కంపెనీ పాలసీని ప్రశ్నించలేని స్థితి వస్తుంది. ఆ మూడేళ్లలోపు మరణం సంభవించి, షుగరో గుండె జబ్బో దాచినట్టు తేలితే క్లెయిం తిరస్కరిస్తారు. దానం కూడా దానితోనే పోతుంది.

బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 436 రూపాయలు కట్టే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి వంటి గ్రూప్ పథకాలను ఈ లెక్కలోకి తీసుకోకండి. అవి కుటుంబానికే వదిలేయండి.

ఇక బాండు మీద ఆధారపడని ప్రశ్న ఒకటుంది. మీరు రేపు లేకపోతే ఇంట్లో ఎవరికి ఇబ్బంది? భార్యకు పింఛను లేకపోయినా, పెళ్లి కావలసిన పిల్లలున్నా, ఇంటి రుణం మిగిలి ఉన్నా ఆ పాలసీ వాళ్లదే. ఆ అవసరం తీరాక మిగిలిన పాలసీనే దానానికి ఎంచుకోండి. ఒకే పాలసీలో సగం కుటుంబానికి, సగం సంస్థకు అని రాయడం చట్ట ప్రకారం సాధ్యమే, పాక్షిక బదిలీకి బీమా చట్టం 38వ సెక్షన్‌లో చోటుంది. కానీ ఆఫీసుల్లో అది చిక్కుల పని. రెండు పాలసీలుంటే ఒకటి పూర్తిగా ఇంటికి, ఒకటి పూర్తిగా దానానికి అని విడదీయడం హాయి.

సంస్థను ఎంచుకోవడం

జనం పిలిచే పేరు, రిజిస్టరైన పేరు ఒకటి కావు. పటమటలోనో బ్రాడీపేటలోనో ఉన్న ఒక అనాథాశ్రమాన్ని అందరూ స్థాపకుడి పేరుతోనో వీధి పేరుతోనో పిలుస్తారు. దస్తావేజుల్లో పేరు పూర్తిగా వేరుగా ఉంటుంది. బీమా కాగితాల్లో రాయాల్సింది పాన్ కార్డు మీద ఉన్న పేరు, అక్షరం తేడా లేకుండా. ‘‘సేవాశ్రమం’’ అని ఒకచోట, ‘‘సేవాశ్రమ ట్రస్ట్’’ అని ఇంకోచోట రాస్తే క్లెయిం రోజున బ్యాంకు ఖాతా పేరుకు పొంతన కుదరక డబ్బు ఆగిపోతుంది.

సంస్థ నుంచి ఈ కాగితాల నకళ్లు తీసుకోండి: ట్రస్టు డీడ్ లేదా 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఇచ్చిన సర్టిఫికెట్, పాన్, 12ఏబీ, 80జి ఉత్తర్వులు, గత రెండు మూడేళ్ల ఆడిట్ నివేదికలు. 12ఏబీ, 80జి ఉత్తర్వులకు గడువు తేదీ ఉంటుంది, పునరుద్ధరించారో లేదో చూడండి. ట్రస్టు డీడ్‌లో రెండు చోట్ల వేలు పెట్టి చదవండి. ఒకటి, ట్రస్టీలు ఎలా మారతారు? అంతా స్థాపకుడి చేతిలోనే ఉండి, ఆయన తర్వాత ఎవరన్నది రాయకపోతే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే సొమ్ముకు అది సరైన చోటు కాదు. రెండు, సంస్థ మూతపడితే ఆస్తులు ఎవరికి వెళతాయి? అదే పనిచేసే మరో సేవాసంస్థకు అని ఉండాలి.

దేవాలయానికి ఇవ్వాలనుకుంటే అది 1987 దేవాదాయ ధర్మాదాయ చట్టం కింద ఉందేమో చూడండి. ఇంద్రకీలాద్రి మీది దుర్గామల్లేశ్వర స్వామి వార్ల దేవస్థానం అలాంటిదే. అక్కడ కాగితాల మీద కార్యనిర్వహణాధికారి సంతకం కావాలి, పూజారితోనో కమిటీ సభ్యుడితోనో మాట్లాడుకుంటే చాలదు.

మొదటి దారి: సొమ్ము చేతికొచ్చాక ఇవ్వడం

ఒకటి రెండేళ్లలో మెచ్యూరయ్యే పాలసీకి మా సలహా ఇదే. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. ఇందులో కాగితాల గొడవ తక్కువ, పన్ను మేలు దక్కేది కూడా దీంట్లోనే.

కారణం ఇది. 80జి మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన దానానికే వర్తిస్తుంది. పాలసీనే బదిలీ చేస్తే అది వస్తువును ఇచ్చినట్టు లెక్క, మినహాయింపు రాదు. పాలసీ సొమ్ము మీ బ్యాంకు ఖాతాలో పడ్డాక చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో సంస్థకు పంపితే వస్తుంది. నగదుగా ఇస్తే 2,000 రూపాయలు దాటిన దానానికి మినహాయింపు లేదు. సంస్థ ఇచ్చే మామూలు రసీదూ చాలదు. అది ఆదాయపు పన్ను శాఖకు దాతల వివరాలు పంపి, మీ పాన్‌తో ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి. ఇన్నాళ్లుగా దాన్ని ఫారం 10బీఈ అంటున్నారు.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. మీ ఇతర మినహాయింపులు తీసేశాక ఆదాయం 12 లక్షలు, దానం లక్షన్నర అనుకుందాం. మామూలు సేవాసంస్థకు ఇచ్చిన దానంలో ఆదాయంలో పది శాతం వరకే, అంటే 1,20,000 వరకే లెక్కలోకి వస్తుంది. అందులో సగం, 60,000 రూపాయలు మినహాయింపు. మిగతా 30,000ను వచ్చే ఏడాదికి మోసుకెళ్లడం ఉండదు. కాబట్టి పెద్ద మొత్తమైతే రెండు ఆర్థిక సంవత్సరాల్లో పంచి ఇవ్వండి, మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే ఈ పది శాతం హద్దు లేకుండా నూరు శాతం మినహాయింపు ఉంది. ఇదంతా పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకే. కొత్త పద్ధతి ఎంచుకున్నవాళ్లకు 80జి లేదు.

మెచ్యూరిటీ సొమ్ముకు పన్ను ఉందో లేదో కూడా ముందే తేల్చుకోండి. 2012 ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న పాలసీలో ఏడాది ప్రీమియం బీమా మొత్తంలో పది శాతం దాటితే మెచ్యూరిటీ మీద వచ్చిన లాభానికి పన్ను పడుతుంది. ఒకేసారి కట్టే సింగిల్ ప్రీమియం పాలసీలు చాలావరకు ఇక్కడ చిక్కుకుంటాయి. 2023 ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న, యూలిప్‌లు కాని పాలసీలన్నిటికీ కలిపి ఏడాది ప్రీమియం 5 లక్షలు దాటినా అంతే. పన్ను పడే పాలసీ మీద చెల్లింపు లక్ష దాటితే లాభం మీద 2 శాతం ముందే కోస్తారు. మరణం మీద వచ్చే సొమ్ముకు మాత్రం ఈ పన్ను లేదు.

మనీబ్యాక్ పాలసీ ఉన్నవాళ్లు మెచ్యూరిటీ దాకా ఆగనక్కర్లేదు. మధ్యలో వచ్చే ప్రతి వాయిదానూ ఇలాగే పంపవచ్చు.

రెండో దారి: అసైన్‌మెంట్

పాలసీనే సంస్థ పేరిట రాసివ్వడం ఇది. 38వ సెక్షన్ దీనికి ఆధారం. సంపూర్ణ అసైన్‌మెంట్ నమోదైన రోజు నుంచి పాలసీకి సంస్థే యజమాని. పాత నామినేషన్ దానంతటదే రద్దవుతుంది. మీ వారసులకు దాని మీద హక్కుండదు. మీకూ ఉండదు, మనసు మారినా వెనక్కి తీసుకోలేరు. సంస్థ దాని మీద అప్పు తీసుకోవచ్చు, సరెండర్ చేసి, అంటే గడువుకు ముందే కంపెనీకి తిరిగిచ్చేసి డబ్బు చేసుకోవచ్చు.

ఇక్కడే గడువు లెక్కకొస్తుంది. సేవాసంస్థలు తమ డబ్బును ఏయే రూపాల్లో ఉంచుకోవచ్చో పన్ను చట్టంలో జాబితా ఉంది. పోస్టాఫీసు పొదుపు, షెడ్యూల్డు బ్యాంకు డిపాజిట్లు, ప్రభుత్వ బాండ్లు అందులో ఉంటాయి. జీవిత బీమా పాలసీ లేదు. జాబితాలో లేని ఆస్తి దానంగా వస్తే, వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఏడాదికి మించి ఉంచుకోకూడదు. ఉంచుకుంటే సంస్థ పన్ను మినహాయింపుకే ముప్పు. ఇరవై ఏళ్ల గడువున్న పాలసీని అసైన్ చేస్తే, జాగ్రత్తపరుడైన ఆడిటర్ ‘‘సరెండర్ చేసేయండి’’ అంటాడు. మొదటి సంవత్సరాల్లో సరెండర్ చేస్తే కట్టిన డబ్బులో కూడా కోత పడుతుంది. మీరు 10 లక్షల బీమా దానమిచ్చానని సంతోషిస్తుంటే సంస్థకు అందేది అందులో చిన్న భాగం. అందుకే సంపూర్ణ అసైన్‌మెంట్‌ను గడువు దగ్గరపడిన పాలసీలకే వాడండి. సంతకాలు చేసేముందు సంస్థ ఆడిటర్‌తో ఒక్కసారి మాట్లాడించండి.

షరతులతో కూడిన అసైన్‌మెంట్ కూడా ఉంది. ‘‘గడువు ముగిసేదాకా నేను బతికి ఉంటే సొమ్ము నాకే, మధ్యలో పోతే సంస్థకు’’ అనే షరతును చట్టం ఒప్పుకుంటుంది. ఇలా తీసుకున్న సంస్థకు దాని మీద అప్పు తీసుకునే వీలూ, సరెండర్ చేసే వీలూ ఉండదు. వయసు మళ్లాక ఆ డబ్బు తమకే అవసరం పడవచ్చనుకునే దంపతులకు ఇది బాగుంటుంది. దీన్ని సంస్థ లెక్కల్లో ఎలా చూపాలో మాత్రం ఆ ఆడిటరే చెప్పాలి.

ఇక పని జరిగే తీరు. ముందు సంస్థ తన ట్రస్టీల సమావేశంలో తీర్మానం చేయాలి: ఫలానా నంబరు పాలసీని దానంగా స్వీకరిస్తున్నాం, సొమ్మును ఫలానా పనికి వాడతాం, కాగితాల మీద ఫలానావారు సంతకం చేస్తారు అని. దానం మీరు బతికి ఉండగానే స్వీకరించాలి గనుక ఈ తీర్మానం లేకుండా మొదలుపెట్టకండి. తర్వాత పాలసీ నడుస్తున్న బ్రాంచికి వెళ్లాలి. ఎల్‌ఐసీ పాలసీ అయితే అది బాండు మీద రాసి ఉంటుంది. తెనాలిలో తీసుకున్న పాలసీని విజయవాడ గవర్నర్‌పేటలో అసైన్ చేయమంటే తిప్పి పంపుతారు. కావాలంటే ముందు పాలసీని మీ దగ్గరి బ్రాంచికి బదిలీ చేయించుకోండి.

అసైన్‌మెంట్‌ను బాండు వెనక ఎండార్స్‌మెంట్‌గా రాయవచ్చు, విడిగా దస్తావేజుగానూ రాయవచ్చు. విడి దస్తావేజుకు స్టాంపు సుంకం ఉంటుంది, బాండు వెనక రాయడమే సులువు. అందులో తప్పకుండా ఉండాల్సినవి నాలుగు: బదిలీ చేస్తున్న సంగతి, ఎందుకు చేస్తున్నారు, తీసుకుంటున్న సంస్థ ఏమిటి, షరతులేమిటి. ఉదాహరణకు ఇలా: ‘‘ఈ పాలసీ మీద నాకున్న సర్వహక్కులను, ఎలాంటి ప్రతిఫలం తీసుకోకుండా, పేద విద్యార్థుల చదువుకు సహాయంగా, ఫలానా తేదీన రిజిస్టరైన ఫలానా పాన్ నంబరు గల ఫలానా ట్రస్టుకు సంపూర్ణంగా బదిలీ చేస్తున్నాను.’’ మీ సంతకం, కనీసం ఒక సాక్షి సంతకం కావాలి. సాక్షి ఆ సంస్థ మనిషి కాకుండా చూసుకోండి. తెలుగులో సంతకం చేసేవాళ్లు, వేలిముద్ర వేసేవాళ్లు ఫారంలోని సంగతులు తమకు చదివి వినిపించారన్న ప్రకటన కూడా జతచేయాలి, లేకపోతే కాగితం వెనక్కి వస్తుంది.

దీంతోపాటు కంపెనీకి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన తేదీ నుంచే అసైన్‌మెంట్ కంపెనీని కట్టిపడేస్తుంది. ఒకే పాలసీ మీద ఇద్దరు హక్కు చెబితే నోటీసు ఎవరిది ముందు అందిందో చూస్తారు. కాబట్టి కౌంటర్‌లో ఇచ్చి ఊరుకోకండి, తేదీ ముద్ర వేసిన నకలు తీసుకోండి. కొన్నాళ్లకు, అసైన్‌మెంట్ నమోదైందని కంపెనీ ఇచ్చే రాతపూర్వక ధ్రువీకరణ కూడా అడిగి తీసుకోండి.

కంపెనీ కాదనవచ్చు కూడా. బదిలీ నిజాయితీగా లేదని, పాలసీదారుకో ప్రజలకో మంచిది కాదని, పాలసీల వ్యాపారం కోసమని అనిపిస్తే నిరాకరించే హక్కు దానికుంది. అప్పుడు కారణాలు రాసి, మీరు నోటీసు ఇచ్చిన 30 రోజుల్లోపు తెలపాలి. ఆ జవాబు అందిన 30 రోజుల్లోపు మీరు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి మొర పెట్టుకోవచ్చు. పాలసీ తీసుకున్న నెలకే అసైన్‌మెంట్‌కు వెళితే అనుమానం రావడం సహజం. ఇది దానమని, పైసా తీసుకోలేదని చెప్పే లేఖ, సంస్థ తీర్మానం, 80జి ఉత్తర్వు నకలు జతచేస్తే చాలావరకు గొడవ ఉండదు. డెబ్బై దాటిన దాతలైతే ఆరోజుకు మానసికంగా బాగున్నారని డాక్టరు పత్రం తీసి ఉంచడం మేలు, రేపు ‘‘మా నాన్నను మభ్యపెట్టారు’’ అనే మాటకు అదే జవాబు.

అసైన్ చేశాక ప్రీమియం ఎవరు కడతారు? మీరే నేరుగా బీమా కంపెనీకి కడితే 80జి రాదు. ఆ మొత్తాన్ని ఏటా గడువుకు రెండు వారాల ముందు సంస్థకు దానంగా పంపి, సంస్థ తన ఖాతా నుంచి కడితే మీరు పంపినది డబ్బు రూపంలో ఇచ్చిన దానంగానే నిలుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, కాబట్టి పాత రసీదు చూసి ఎక్కువ పంపకండి. సంస్థలో కట్టే గుమస్తా మరిచిపోతే పాలసీ ల్యాప్స్ అవుతుంది, ఇక్కడ ఎక్కువగా జరిగే నష్టం ఇదే. గడువు తేదీని సంస్థ క్యాలెండర్‌లోనూ మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి. కట్టలేని పరిస్థితి వస్తే సరెండర్ కన్నా పెయిడప్ చేయడం మంచిదేమో అడగండి. బీమా మొత్తం తగ్గుతుంది, కట్టక్కర్లేకుండా పాలసీ మాత్రం నిలుస్తుంది.

మూడో దారి: వీలునామా

గడువు ఎక్కువున్న పాలసీకి, మరణిస్తేనే సొమ్ము వచ్చే టర్మ్ పాలసీకి, ‘‘ఇప్పుడే చేతులు కట్టేసుకోను’’ అనుకునేవాళ్లకు ఇది సరైనది. పాలసీ మీ చేతిలోనే ఉంటుంది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సంస్థకు పన్ను చిక్కు లేదు.

దీన్ని చెడగొట్టేది నామినేషనే. భార్య పేరు నామినీగా ఉంచి, వీలునామాలో సంస్థకు రాస్తే రెండూ ఢీకొంటాయి. దగ్గరి కుటుంబానికి 2015 సవరణ ఇచ్చిన హక్కు పైదా, వీలునామా పైదా అన్న విషయంలో కోర్టులు ఒకే మాట చెప్పడం లేదు. ఆ గొడవలోకి మీ భార్యను నెట్టకండి. వీలునామా అమలు చేయడానికి మీరు నియమించే మనిషినే నామినీగా మార్చండి. తమ్ముడో, చెల్లెలో, మేనల్లుడో అయితే బ్రాంచిలో అభ్యంతరం రాదు. వాళ్లు సొంత హక్కున్న నామినీల జాబితాలో లేరు గనుక డబ్బు అందుకుని, వీలునామా చెప్పినచోట అప్పజెప్పాల్సినవాళ్లే అవుతారు.

వీలునామాలో పాలసీ నంబరు, కంపెనీ పేరు, సంస్థ పూర్తి పేరు, చిరునామా, పాన్, సొమ్ము దేనికి వాడాలో రాయండి. అసలును బ్యాంకులో ఉంచి వడ్డీ మాత్రమే ఖర్చుచేయాలంటే మూలనిధి అని స్పష్టంగా రాయాలి, లేకపోతే సంస్థ దాన్ని ఏడాదిలో ఖర్చుపెట్టేయవచ్చు. ఆ సంస్థ అప్పటికి లేకపోతే ఎవరికి వెళ్లాలో రెండో పేరు కూడా ఇవ్వండి. ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకం చేయాలి, వాళ్లు సంస్థ ట్రస్టీలు కాకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా పటమటలోనో కొరిటెపాడులోనో ఉన్న సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించేస్తే తర్వాత ‘‘ఇది నాన్న సంతకం కాదు’’ అనే వాదన బలహీనపడుతుంది.

గుంటూరులో క్రైస్తవ కుటుంబాలు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: దానానికి రాసిన వీలునామా మరణానికి ఏడాది ముందే రాసి ఉండాలా? 1925 వారసత్వ చట్టంలోని 118వ సెక్షన్ అలాగే అనేది. 2003లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది, ఇప్పుడు ఆ అడ్డు లేదు. ముస్లింలు మాత్రం అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు వరకే వారసుల సమ్మతి లేకుండా వీలునామా ద్వారా ఇవ్వగలరు. అంతకు మించి ఇవ్వాలంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడే అసైన్ చేయడమో, సొమ్ము చేతికొచ్చాక ఇవ్వడమో చూడాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లు

అమెరికాలో ఉంటున్న కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లు ఇక్కడి పాలసీలను సొంత ఊరి బడికి ఇవ్వాలనుకుంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకు ఎంత దూరాన ఉన్నా మామూలు బ్యాంకు మార్గంలో ఇచ్చినది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, మీరిచ్చేది విదేశీ విరాళమే. సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉంటేనే తీసుకోవాలి. ఈ తేడా తెలియక తీసుకున్న చిన్న ట్రస్టులు పెద్ద ఇబ్బందుల్లో పడతాయి.

మీ తర్వాత సంస్థ చేయాల్సిన పని

అసైన్ చేసిన పాలసీ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోతే, మీ మరణం సంగతి సంస్థకు తెలియకపోతే, ఎవరూ క్లెయిం వేయరు. పదేళ్లు దాటినా ఎవరూ అడగని బీమా సొమ్ము వృద్ధుల సంక్షేమ నిధికి వెళ్లిపోతుంది. అందుకే సంస్థ ఫోన్ నంబరు రాసిన కాగితం ఒకటి ఇంట్లో, మీ పాలసీ నంబరు రాసిన కాగితం ఒకటి సంస్థలో ఉండాలి. ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడండి. హిందువుల స్వార్జితానికి చట్టం వాళ్ల అనుమతి అడగదు. అయినా, ముందే తెలిసిన కుటుంబం మరణ ధ్రువపత్రం తెచ్చివ్వడానికి వెనకాడదు.

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి, నగరంలోనైతే మున్సిపల్ కార్పొరేషన్‌లో, ఊళ్లోనైతే పంచాయతీ తరఫున. ఆ ధ్రువపత్రంతో పాటు అసలు బాండు, అసైన్‌మెంట్ నమోదైన ధ్రువీకరణ, సంస్థ పాన్, రద్దుచేసిన చెక్కు, సంతకం చేసే అధికారం ఎవరిదో చెప్పే తీర్మానం సంస్థ సమర్పించాలి. బాండు పోతే నష్టపూచీ పత్రం రాసిచ్చి నకలు బాండు తెచ్చుకోవాలి. దానికి వారాలు పడుతుంది కనుక అసలు బాండును సంస్థ బ్యాంకు లాకర్‌లో ఉంచుకోవడం మంచిది.

విచారణ అక్కర్లేని మరణ క్లెయింను 15 రోజుల్లో, విచారణ జరపాల్సి వస్తే 45 రోజుల్లో కంపెనీ తేల్చాలి. ఆలస్యమైతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆ తర్వాత ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది, 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.